దాలమ్మ డ్రయ్యరు, జగన్నాధం మోటారు

మూడో రోజు కూడా ముసురు వదల్లేదు. అల్పపీడనం ఒడ్డు దాటిందని ఒక టీవీలోనూ, దాటలేదని ఇంకో టీవీలోనూ చెబుతున్నారు గానీ, జగన్నాధం ఇంటి చూరు మాత్రం ఎవరి మాటా వినకుండా కారుతూనే ఉంది. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. గొడుగేసుకుని వీధి చివర టీ కొట్టుదాకా వెళ్ళి, బల్ల మీద కూర్చుని, ఎవరి మడిలో ఎంత నీరు నిలిచిందో, ఆ నీరు తోడబోయి ఎవరి మోటారు కాలబోతోందో నలుగురికీ ముందుగానే చెప్పి రావడం.

చీపురుపల్లి దాటి కాస్త లోపలికి వెళితే వచ్చే ఆ ఊళ్ళో మోటారు అనే మాట వెనకే జగన్నాధం పేరు వస్తుంది. పొలంలో పంపు ఆగిపోతే జనం టౌను మెకానిక్కు కన్నా ముందు ఆయనకే కబురు పెడతారు. ఆయన వచ్చి తువ్వాలు నడుముకి బిగించి, అరచెయ్యి మోటారు మీద ఆనించి, తల వంచి చెవి పెట్టి కళ్ళు మూసుకుంటాడు. ఆ సమయంలో ఎవరైనా దగ్గితే ఊరుకోడు. కాసేపటికి కళ్ళు తెరిచి బేరింగు పోయిందనో, కండెన్సరు పోయిందనో చెబుతాడు. అది నిజమే అవుతుంది. ఇందుకు ఆయన ఎవరి దగ్గరా చిల్లిగవ్వ పుచ్చుకున్నది లేదు. ఊరంతా మోటారు జగన్నాధం అంటుంది, ఆ పేరు చాలు ఆయనకి.

గొడుగు తెరుస్తుండగా వసారా మూల నుంచి ఒక మూలుగు వినిపించింది. వాషింగ్ మెషీను. రెండు తొట్ల మెషీను అది. ఒక తొట్టిలో బట్టలు ఉతుకుతుంది, పక్క తొట్టిలో వేస్తే గిరగిరా తిప్పి నీళ్ళు పిండి ఆరబెడుతుంది. ఆ రెండో తొట్టే, దాలమ్మ డ్రయ్యరని పిలుచుకునేది, ఇప్పుడు తిరగకుండా గుంయ్ మని మూలుగుతోంది. జగన్నాధం చెవి దాన్ని పట్టుకోవడమైతే పట్టుకుంది గానీ ఆయన అడుగు ఆగలేదు. ఆ యంత్రం ఆడవాళ్ళ సామాను. ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆయన దాని మీద చెయ్యి వేసి ఎరగడు.

అడుగు ఆగింది ఎక్కడంటే, దాలమ్మ ఫోనులో "ఒరే గిరీ" అన్నచోట.

గిరి అంటే గిరిబాబు, దాలమ్మ తమ్ముడు. చీపురుపల్లిలో మిక్సీలూ ఫ్యాన్లూ వాషింగ్ మెషీన్లూ బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. మోటారు విప్పడం వాడికి నేర్పింది జగన్నాధమే. అలాంటివాడు మొన్న వేసవిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, పంక్తి పంక్తంతా వింటుండగా, మా బావకి నీరు తోడే మోటార్లు తప్ప ఇంకేటీ తెలవదు అన్నాడు. అన్నవాడు అని పప్పు కలుపుకున్నాడు. విన్న జగన్నాధానికి మాత్రం ఆ రోజు నుంచి ఈ రోజు దాకా పప్పు చూస్తే ఆ మాటే గుర్తుకొస్తోంది. ఇప్పుడు వాడు ఈ గడప తొక్కి, ఈ వసారాలో కూర్చుని, ఊరి మోటారు జగన్నాధం ఇంట్లో మోటారు బాగుచేసి వెళతాడన్నమాట. అప్పుడిక టీ కొట్టు బల్ల మీద ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి? ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

గొడుగు విసిరేసి వచ్చి ఫోను లాక్కున్నాడు. "ఇంట్లో నన్నెట్టుకుని టౌను నుంచి మెకానిక్కుని పిలుస్తావేటే? రేపు నాను ఊళ్ళో తలెత్తుకు తిరగాలా, వద్దా?"

"నువ్వు తలెత్తుకునే తిరుగుదువులే. నాను సెయ్యెత్తలేకపోతన్నాను, ఆ సంగతి సూడు ముందు," అంది దాలమ్మ.

ఆవిడ కుడి భుజం పట్టేసి చాలా కాలమైంది. తడి బట్టలు పిండితే ఆ చెయ్యి ఇక పైకి లేవదని డాక్టరు గట్టిగా చెప్పాడు. డ్రయ్యరు ఉండబట్టే ఇల్లు గడుస్తోంది. ఇప్పుడు దుప్పట్లూ చీరలూ లుంగీలూ నీళ్ళోడుతూ తొట్టిలో పడి ఉన్నాయి, బయట ఎండ జాడ లేదు. పక్కింటి గున్నమ్మ మనవడికి ఆ రోజే బారసాల. అరిసెల పాకం చూడటానికి ఆ వీధిలో దాలమ్మని మించిన మనిషి లేదు కాబట్టి ఆవిడ అక్కడికి వెళ్ళి తీరాలి. మధ్యాహ్నం తను తిరిగొచ్చేసరికి డ్రయ్యరు తిరిగితే సరే, లేకపోతే గిరిబాబుని పిలిచి తీరతానని ఖచ్చితంగా చెప్పేసి, చెంగు నెత్తి మీద కప్పుకుని వానలోకి వెళ్ళిపోయింది.

జగన్నాధం నూకయ్యని కేకేశాడు. నూకయ్య ఆయన ఈడువాడే, ఎదురిల్లే. జగన్నాధం ఎక్కడ మోటారు విప్పినా పానా అందించేది నూకయ్యే. విప్పిన ప్రతిసారీ ఔనౌను అనేదీ నూకయ్యే. ఇద్దరూ తువ్వాళ్ళు బిగించారు. అరచెయ్యి ఆనింది, చెవి ఆనింది, కళ్ళు మూతపడ్డాయి. కరెంటు వస్తోంది. మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు. పొలం మోటారుకి పెట్టే కండెన్సరు తెచ్చి తగిలించి చూశాడు. అదే మూలుగు. వెనక రేకు విప్పి లోపలికి తొంగిచూస్తే, తొట్టి అడుగు నుంచి మోటారు మీదికి ఒక్కొక్క బొట్టే నీరు కారుతోంది. జగన్నాధం మొహం వెలిగిపోయింది.

కారడం అంటే ఆయనకి కొట్టిన పిండి. పంపు కింద వాల్వు కారితే పైపులో నీరు నిలవదు, నీరు నిలవకపోతే పంపుకి పట్టు దొరకదు, మోటారు ఊరికే అరుస్తుంది. దానికి మందు పేడనీళ్ళు. చిక్కగా కలిపి పైపులో పోస్తే, పేడలోని పీచు వెళ్ళి కన్నంలో కూర్చుంటుంది, కారడం ఆగిపోతుంది, పంపు నీరు ఎత్తుకుంటుంది. ఆ ఊళ్ళో పొలం ఉన్న ప్రతివాడికీ తెలిసిన వైద్యమే అది. అదే మందు ఇక్కడా పనిచేస్తుందని ఆయన నిశ్చయించుకున్నాడు.

ఎన్నడూ ఎదురు చెప్పని నూకయ్యకి కూడా ఈసారి చిన్న సందేహం వచ్చింది. నీరు తియ్యడానికున్న యంత్రానికి నీరు పట్టించడమేమిటని నెమ్మదిగా అడిగాడు. జగన్నాధం వాడి వంక చూసిన చూపులో ఇన్నేళ్ళ స్నేహమూ ఒక్కసారి ఊగింది. మోటారు ఏదైనా మోటారే అన్నాడు. నూకయ్య ఔనని, వెళ్ళి తన గేదె దగ్గర్నుంచి పేడ తెచ్చాడు.

మూత తీస్తే లోపల బట్టలున్నాయి. దుప్పట్ల మీద దాలమ్మ చీరలు, చీరల మీద లంగాలు. ఆడవాళ్ళ తడిబట్టలు నూకయ్య చూస్తుండగా చేత్తో ఎత్తి బయట పెట్టడం జగన్నాధం వల్ల అయ్యే పని కాదు. ఆ మాటకొస్తే ఎవరూ చూడకపోయినా అయ్యే పని కాదు. బట్టలుంటే నష్టమేమీ లేదని, పైగా పేడ ఒక్కసారిగా జారిపోకుండా వడగడతాయని చెప్పి, బకెట్టెత్తి దిమ్మరించాడు. మూత వేసి మీట తిప్పాడు.

మోటారు మూలిగింది. మళ్ళీ మూలిగింది. పేడనీళ్ళు కన్నాన్ని మూయడం మానేసి కన్నం వెడల్పు చేసుకుని, నేరుగా మోటారు నెత్తిన పడ్డాయి. టప్పున పేలి, గుప్పున పొగ లేచి, వసారాలో దీపం ఆరింది. దాంతోపాటు ఆ వరసలో ఇళ్ళన్నిటికీ కరెంటు పోయింది. పక్కింట్లో బారసాల పాటల సౌండుబాక్సు మాట మధ్యలో ఆగిపోయింది.

ఇంకొకడైతే అక్కడ తల పట్టుకుని కూర్చునేవాడు. జగన్నాధానికి కోపం వచ్చింది. అదీ మోటారు మీద. బకెట్టుడు నీళ్ళు మీద పడితే కాలిపోయేది మోటారేమిటి? పొలంలో ఆయన పెట్టిన మోటార్లు వరద వచ్చి మునిగినా, తేలాక ఆరబెడితే తిరిగాయి. అరచేతిలో పట్టే ఈ బొమ్మని మోటారని పేరుపెట్టి అమ్మినవాణ్ణి అనాలి. దీని స్థానంలో అసలైన మోటారు పెట్టి చూపిస్తే దాలమ్మకీ, దాలమ్మ తమ్ముడికీ ఒకేసారి బుద్ధొస్తుందని ఆయనకి తట్టింది. ఆయన సావిట్లో అర హెచ్‌పీ మోటారు ఉంది. నూర్పుళ్ళప్పుడు ధాన్యం ఎగరబోసే పెద్ద ఫ్యానుకి బిగించేవాడు దాన్ని. గోనె విప్పి, నూనె తుడిచి, ముద్దుగా చూసుకున్నాడు.

అది ఎక్కించాలంటే మెషీన్ని పక్కకి ఒరగదీయాలి, పెద్ద పానా కావాలి, ఎత్తడానికి మనుషులు కావాలి. నూకయ్యని పక్కింటికి పంపుతూ, కాలిన సంగతి దాలమ్మ చెవిన పడకూడదని ఒట్టు వేయించుకున్నాడు. అక్కడ చేశాడు తప్పు. ఒట్టు వేయించుకోవడానికి నూకయ్య కన్నా పనికిరాని మనిషి జిల్లాలో లేడు.

నూకయ్య వానలో తడిసి, చేతులకి పేడతో, జుట్టుకి మసితో బారసాల పందిట్లో నిలబడ్డాడు. కరెంటు ఎందుకు పోయిందో, పక్కింటి మీద ఆ పొగ ఏమిటో తెలియక అప్పటికే జనం చెవులు కొరుక్కుంటున్నారు. ఏమైందిరా అని గణపతిరావు అడిగాడు. ఆయన పిల్లవాడి మేనత్త మొగుడు, బొబ్బిలి నుంచి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నూకయ్య నోరు తెరవబోయాడు. ఒట్టు గుర్తొచ్చి కళ్ళు దించుకున్నాడు.

"జగన్నాధం సంగతి నన్నడక్కండి బాబూ, నాను సెప్పలేను. ఎత్తడానికి నలుగురు మనుషులు కావాల. దాలమ్మకి మాత్రం ఇప్పుడే తెలియనివ్వకండి," అన్నాడు.

పందిరి చల్లబడిపోయింది. మోటార్లతో ఆటలాడితే ఏదో ఒక రోజు ఇంతేనని ఎవరో గొణిగారు. గున్నమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. నలుగురు మగవాళ్ళు లేచి, భోజనాల కోసం కట్టుకున్న కొత్త పంచెలు పైకి ఎగ్గట్టి, తువ్వాళ్ళు భుజాన వేసుకున్నారు. గణపతిరావు పక్కకి వెళ్ళి గిరిబాబుకి ఫోను చేసి, మీ అక్కకింకా తెలియదు, బేగి బయల్దేరు అన్నాడు. లోపల పాకం దగ్గర ఉన్న దాలమ్మ చేతిలోంచి ఎవరో గరిటె తీసుకున్నారు. ఇంకెవరో వీపు నిమిరారు. పాకం ముదిరిపోతోందని దాలమ్మ మొత్తుకుంటే, పోనీలే అమ్మా, ఇప్పుడు పాకానికేముంది అని ఒక ముసలావిడ ఏడ్చింది. పాకానికేముంది అనే మాట ఆ వీధిలో ఇంతకుముందు ఎవరూ అనలేదు. దాలమ్మకి అప్పుడు భయం వేసింది.

ఈ సంగతులేవీ జగన్నాధానికి తెలియవు. ఎవరో స్తంభం ఎక్కి ఫ్యూజు వేసినట్టున్నారు, దీపం వచ్చింది. నూకయ్య ఎంతకీ రాకపోయేసరికి ఆయనే ఒంటరిగా మెషీన్ని గోడకి ఒరగదీసి పని మొదలెట్టాడు. పాత మోటారు స్ప్రింగుల మీద కూర్చుని ఉంది. మోటారుకి పరుపులెందుకని వాటిని పీకి పారేశాడు. ఇనప పట్టీ పెట్టి కొత్తదాన్ని గట్టిగా బోల్టులతో బిగించాడు. ఇరుసు చుట్టూ ఒక చిన్న రేకుముక్క పట్టుకుని ఉంది, దానికో తీగ వేలాడుతోంది. పొలం మోటార్లలో ఆయన అలాంటిది చూసి ఎరగడు కాబట్టి అది అనవసరమైనదని తేల్చి, దాన్ని కూడా పీకి వసారా కింద పడేశాడు. మెషీన్ని నిలబెట్టి, నడుం మీద చేతులు వేసుకుని తిరిగేసరికి, వీధి నిండా జనం.

నలుగురు మగవాళ్ళు ముందు, వాళ్ళ వెనక బారసాలకి వచ్చిన చుట్టాలంతా కొత్తబట్టల్లో, మధ్యలో ఆడవాళ్ళు చెరో పక్క పట్టుకుని నడిపిస్తున్న దాలమ్మ. వానలో గొడుగులు కూడా లేకుండా నిలబడ్డారు. జగన్నాధానికి ఛాతీ పొంగింది. తన పనితనం చూడటానికి బారసాల వదిలేసి వచ్చారన్నమాట. పాపం, వాళ్ళ మొహాల్లో ఎంత ఆత్రం ఉందో అనుకున్నాడు.

దాలమ్మ మెట్టు దగ్గర ఆగిపోయింది. మొగుడి కేసి తల నుంచి కాళ్ళ దాకా చూసింది. మెట్టు మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసేసరికి, తెరిచి ఉన్న డ్రయ్యరు తొట్టిలో తన పసుపు చీర ఆకుపచ్చగా కనపడింది.

"బతికే ఉన్నావేటి," అంది.

ఆ మాటలో ఏముందో తర్వాత ఎంత ఆలోచించినా జగన్నాధానికి అంతు పట్టలేదు. ఆ క్షణాన ఆలోచించలేదు కూడా. "ఇంత సిన్న మోటారుకి సచ్చిపోతానేటి? ఇటు సూడండి అందరూ," అని మూత వేసి మీట తిప్పాడు.

తొట్టి తిరిగింది. అందులో అనుమానం లేదు. వడ్లూ పొల్లూ వేరుచేసిన మోటారది, నాలుగు దుప్పట్లు దానికొక లెక్కా? కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. మెషీను ఒకసారి వణికి, కొంచెం పక్కకి జరిగి, దారి చూసుకున్నట్టు ఆగి, గబగబా మెట్ల వైపు నడిచింది. స్ప్రింగుల విలువ అప్పుడు తెలిసింది. నీళ్ళు పోయే గొట్టం ఊడి గాలిలోకి లేచి, మూడు రోజుల బట్టల నీళ్ళూ బకెట్టుడు పేడా కలిపి బారసాల చుట్టాల మీద సమంగా చల్లింది. గణపతిరావు తెల్లచొక్కా మొదట తడిసింది. జనం చెల్లాచెదురయ్యారు. మెషీను మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. కరెంటు తీగ తెగి ప్లగ్గు గోడకే ఉండిపోయినా లోపల తొట్టి మాత్రం ఆగే ఉద్దేశంలో లేదు. జగన్నాధం వెనకనుంచి ఉరికి దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. ఇద్దరూ కలిసి గున్నమ్మ గుమ్మం దాకా వెళ్ళి, బురదలో ఆగారు.

సరిగ్గా అక్కడికే మోటారు సైకిలు మీద గిరిబాబు వచ్చాడు. దారంతా ఏడ్చుకుంటూ వచ్చినవాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బావ శవం కోసం వచ్చినవాడికి, బురదలో వాషింగ్ మెషీన్ని వాటేసుకుని ఊగుతున్న బావ కనపడ్డాడు. గిరిబాబు మొదట దండం పెట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి జగన్నాధానికి అరికాలి మంట నెత్తికెక్కింది. తను పోయాడని కబురెళ్ళిందని జనం చెప్పాక, ఏడుస్తూ వచ్చినందుకు సంతోషించాలో, బతికుంటే నవ్వుతున్నందుకు కొట్టాలో తెలియని ఇరకాటం పగవాడికి కూడా వద్దు.

మెషీన్ని వసారాకి మోసుకొచ్చాక, గిరిబాబు కింద పడి ఉన్న రేకుముక్కనీ తీగనీ ఏరి చూశాడు. పాత మోటారులో ఏ తప్పూ లేదు, పేడనీళ్ళు పోసేదాకా. ఊడింది ఈ తీగ కొక్కెం ఒక్కటే. మూత వేస్తే ఈ తీగ లాగి బ్రేకు వదులుతుంది, తీస్తే బ్రేకు పట్టి తొట్టి ఆగుతుంది. కొక్కెం ఊడి బ్రేకు పట్టేసుకుని ఉండిపోయింది, మోటారు మూలిగింది. మళ్ళీ తగిలిస్తే సరిపోయేది.

"మోటారుకి బ్రేకేటిరా? నీరు తోడే మోటారుకి ఎక్కడైనా బ్రేకుంటాదా?" అన్నాడు జగన్నాధం.

"అదే కదా బావా, నానన్నది," అన్నాడు గిరిబాబు.

చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. పెళ్ళి పంక్తిలో అన్నమాట ఇప్పుడు సాక్షుల సమేతంగా రుజువైపోయింది. జగన్నాధం తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. గిరిబాబు మాత్రం జాలిపడి, ఈ భూతాన్ని పీకేసి కొత్త డ్రయ్యరు మోటారు తెచ్చి వేస్తానని, గెడ్డ వాగు పొంగి దారి మునిగేలా ఉంది కాబట్టి తనూ ఊళ్ళోనే ఉండిపోతానని, నాలుగు రోజులు ఓపిక పట్టాలని అక్కకి చెప్పాడు.

దాలమ్మ వినడం లేదు. డ్రయ్యరు తొట్టిలోంచి ఒక దుప్పటి తీసి చేత్తో నలుపుతోంది. పేడ కంపు కొడుతోంది, రంగు మారిపోయింది, అంతా నిజమే. కానీ పొడిగా ఉంది. ఇన్నాళ్ళూ ఆ బొమ్మ మోటారు తిప్పిన దుప్పటి సగం తడిగానే వచ్చేది, మళ్ళీ దండెం మీద పడితే గానీ ఆరేది కాదు. ఇది అప్పుడే కప్పుకోవచ్చు. పేడ బట్టలన్నీ ఉతుకు తొట్టిలో మళ్ళీ ఉతికించి, తమ్ముడి చేత బ్రేకూ, తెగిన కరెంటు తీగా, ఊడిన గొట్టమూ బిగింపించి, ఇంకోసారి తిప్పించింది. గిరిబాబూ జగన్నాధమూ నూకయ్యా మూడు వైపులా పట్టుకున్నారు. చీరలు పెళపెళలాడుతూ బయటికి వచ్చాయి.

"ఈ మోటారు తీయొద్దు," అంది దాలమ్మ.

ఆ మాట జగన్నాధం చెవిలో అమృతం పోసినట్టయింది. బావమరిది వంక చూసి మీసం మీద చెయ్యి వేశాడు. గిరిబాబు బుర్ర గోక్కుని, తిప్పడానికి అభ్యంతరం లేదు గానీ కదలకుండా మీద బరువుండాలన్నాడు. మెషీను మీద అడ్డంగా టేకు చెక్క వేసి, దాని మీద ధాన్యం బస్తా ఎత్తారు. మీట తిప్పగానే బస్తా ఇటు జారి, అటు జారి, మెట్ల మీద పగిలింది.

"బస్తాకి ఎటు ఒరగాలో తెలవదు బావా. మనిషైతే తెలుస్తాది," అన్నాడు గిరిబాబు.

అందరూ ఒకే మనిషి వైపు చూశారు. జగన్నాధానికి మాట అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన ఒళ్ళంతా మండిపోయింది. ఊరి మోటార్లన్నీ చేత్తో ముట్టి లేపినవాడు, లంగాలు తిరుగుతుంటే వాటి మీద ఎక్కి కూర్చోవాలా? తన మోటారు నెగ్గిన రోజునే తనకీ శిక్షా? ఇది ఎక్కడి న్యాయమని నూకయ్యని అడిగాడు. నూకయ్య మొదటిసారి ఔనని అనలేదు.

దాలమ్మ కుడి చెయ్యి ఎత్తబోయింది. అది భుజం దాకా కూడా రాలేదు. "నాను పిండలేను మావా. మోటారు నువ్వే ఎట్టినావు. కూకో," అంది.

జగన్నాధం కూర్చున్నాడు. మెషీను ఎడమకి తూలితే కుడికి ఒరిగాడు, కుడికి తూలితే ఎడమకి ఒరిగాడు. ఒక్క అంగుళం కదల్లేదు. గిరిబాబు కూడా ఒప్పుకున్నాడు, ఇంత బాగా ఇంకొకరు కూర్చోలేరని.

పాడైన బారసాల బట్టలు ముందు వచ్చాయి. కాదనడానికి నోరు లేదు. గణపతిరావు బనీనుతో వసారాలో నిలబడి తన చొక్కా కోసం ఎదురుచూశాడు. ఆరిన చొక్కా తొడుక్కున్నాక ఆయన కోపం పోయి, ఇలాంటి మోటారు బొబ్బిలిలో కూడా లేదని అన్నాడు. అది వీధంతా పాకింది. మర్నాడు గున్నమ్మ మనవడి పొత్తిగుడ్డలు తెచ్చింది. పసివాడు తడుపుతూనే ఉంటాడు, వాన పడుతూనే ఉంది, పొడి గుడ్డ లేక కూతురు ఏడుస్తోందని చెబితే దాలమ్మ కాదనగలదా? పైవీధి వాళ్ళు బొంతలు తెచ్చారు. వసారాలో తడిమూటలు వరస కట్టాయి. ఎవరు ముందొచ్చారని ఆడవాళ్ళు పోట్లాడుకున్నారు. జగన్నాధం పైనుంచి కండెన్సరు గురించీ, ఇరుసు గురించీ, మోటారు దమ్ము గురించీ వివరంగా చెప్పేవాడు. వాళ్ళు మూటలు విప్పుకుంటూ, నెమ్మదిగా కూకో బాబూ, అంచు చీర అది అనేవారు.

ముసురు వదలనే లేదు. టీ కొట్టు బల్ల ఖాళీగానే ఉండి ఉంటుంది. వాయి వాయికీ ఆయన మనసు ఒకటే కోరుకునేది. ఎవడిదో ఒకడిది పొలంలో మోటారు చెడిపోవాలి. కబురు రావాలి. తువ్వాలు దులిపి, ఈ చెక్క మీంచి దిగి, ఈ ఆడవాళ్ళందరి ముందు నుంచీ మోటారు జగన్నాధంగా నడిచి వెళ్ళాలి.

ఒక సాయంత్రం వీధిలో సూరయ్య కనపడ్డాడు. పల్లపు మడి సూరయ్యది, మోకాటి దాకా బురద, భుజాన ఏదో మూట. మడి మునిగిందన్నమాట. నీరు తోడబోతే మోటారు మొరాయించిందన్నమాట. జగన్నాధం తిరుగుతున్న యంత్రం మీద నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఏరా సూరయ్యా, మోటారాగిపోనాదేటి?"

"పొద్దున్నాగిపోనాది మావా. గిరిబాబొచ్చి బాగుసేసినాడు, గంట నుంచి తోడుతన్నాది," అన్నాడు సూరయ్య, మూట దించి విప్పుతూ. "నా తడిబట్టలు సూసి, మా బావ దగ్గరకి పట్టుకెల్లు, ఆ పని ఆయనకే బాగా తెలుసునని పంపినాడు."

వసారాలో ఆడవాళ్ళు సూరయ్యకి వరసలో చోటు చూపించారు. జగన్నాధం మొహం కందగడ్డలా అయింది. చెక్క మీద రెండు చేతులూ ఆనించి దిగబోయాడు, ఆగాడు. లోపల పొత్తిగుడ్డలు తిరుగుతున్నాయి.

మధ్యలో దిగితే మెషీను వీధిలోకి పోతుంది.